తోకలో ముక్కు

ఈదు.

ఆలోచించడానికి టైము లేదు. చుట్టూ ఉన్నది ఆమ్లం. క్రిములు బతక్కుండా ఆమె ఒళ్ళు పెట్టుకున్న కాపలా అది. నువ్వు క్రిమివి కాదని దానికేం తెలుసు? నీ పక్కనున్నవాడి తోక అప్పుడే సన్నగిల్లింది. ఆ పక్కవాడికి రెండు తలలు, ఉన్నచోటే గింగిరాలు తిరుగుతున్నాడు. బయల్దేరింది సుమారు పాతిక కోట్ల మంది. వాళ్ళలో వంకర తలలవాళ్ళు, మెడ విరిగినవాళ్ళు, అసలు కదలనివాళ్ళు కోట్లలో ఉన్నారు. వాళ్ళ కోసం ఆగకు.

నువ్వొక శుక్రకణానివి. తల నుంచి తోక కొస దాకా కొలిస్తే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందులో పదో వంతు తల, తక్కినదంతా తోక. తలలో 23 క్రోమోజోములు, నెత్తిన ఎంజైములు నింపిన టోపీ, మెడ కింద చుట్టలు చుట్టుకున్న మైటోకాండ్రియాలు. నీ సామానంతా ఇంతే. కళ్ళు లేవు, చెవులు లేవు, ఎటు వెళ్ళాలో చెప్పే మెదడు లేదు.

మరి ముక్కు? ఉందనే కొందరంటారు. ఎక్కడుందో చెబితే నవ్వొస్తుంది. ఆ సంగతి తర్వాత. ముందు ఈ ఆమ్లంలోంచి బయటపడాలి.

నీ ముందు రెండు దారులున్నాయి. నువ్వొచ్చిన ద్రవం ఆమ్లాన్ని కాసేపు విరిచేస్తుంది. ప్రస్తుతం అది జిగురుగా గడ్డకట్టి నిన్ను పొదివి పట్టుకుంది, అరగంటలోపు పలచబడుతుంది. అందాకా ఇందులోనే హాయిగా ఉండొచ్చు. లేదంటే తలకు తగులుతున్న ఆ జిగటలోకి దూరొచ్చు. అది గర్భాశయ ముఖద్వారం. నెలలో ఎక్కువ రోజులు ఆ జిగట గోడలా మూసుకునే ఉంటుంది. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడ్డప్పుడు మాత్రం పలచబడి దారి ఇస్తుంది. ఇవాళ దారి తెరిచే ఉంది.

హాయిగా ఉండిపోయినవాళ్ళు కొద్ది గంటల్లో ఆగిపోతారు.

దూరు.

లోపల ఇరుకు. జిగట పోగుల మధ్య సన్నటి సందులు. తల సరిగ్గా లేనివాళ్ళు ఇక్కడే చిక్కుకుపోతున్నారు. నీ తోక సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటోంది, అయినా నిమిషానికి నువ్వు దాటేది రెండు మూడు మిల్లీమీటర్లే. అండం ఇంకా పదిహేను సెంటీమీటర్ల పైగా దూరంలో ఉంది.

ఉన్నట్టుండి చుట్టూ ఖాళీ. ఒక్క ఊపు. నువ్వు ఈదకుండానే పైకి పోతున్నావు. ఇది గర్భాశయం. దీని కండరాలు కింది నుంచి పైకి అలలు అలలుగా ముడుచుకుంటూ నిన్ను మోసుకెళ్తున్నాయి. బొమ్మల్లోనూ సినిమాల్లోనూ నువ్వు పరుగు పందెంలో గెలిచిన వీరుడివి. ఆ కథ రాసినవాళ్ళు గర్భాశయానికి రావాల్సిన పేరు కూడా నీకే ఇచ్చేశారు.

ఏదో తగిలింది.

పెద్దది. మెత్తగా ఉంది. నీ తల చుట్టూ చుట్టుకుంటోంది. తెల్ల రక్తకణం. నువ్వు పరాయివాడివి. దానికి అంతే తెలుసు. తోక విసురు. ఇంకోసారి. నీ వెనకవాడు దొరికిపోయాడు. నువ్వు జారిపోయావు. పద.

ఇప్పుడు పైకప్పుకి తగిలావు. ఇక్కడ రెండు రంధ్రాలు, కుడి వైపొకటి, ఎడమ వైపొకటి. ఒక్కోదాని వెనక ఒక్కో ఫెలోపియన్ ట్యూబు, పది పన్నెండు సెంటీమీటర్ల పొడవున. ఈ నెల అండం రెండింట్లో ఒకదాంట్లోకే వస్తుంది. తప్పు దారి పట్టావో, బతికినన్నాళ్ళూ ఖాళీ గదిలో ఈదుతూ ఉండాల్సిందే.

కుడా? ఎడమా?

ఇక్కడ ముక్కు పనికొస్తుందని నీకు ఆశ పుడుతుంది. పనికిరాదు. అండం నుంచి వచ్చే ఏ వాసనైనా ఇంత దూరం రాదు. కానీ నువ్వు ఎంచుకునే లోపలే ఓ అల నిన్ను ఓ వైపుకి తోసేసింది. జర్మనీ వైద్యులు 1990ల్లో గమనించిన సంగతి ఇది. ఏ వైపు అండాశయంలో అండం పక్వానికొచ్చిందో ఆ వైపు ట్యూబులోకే గర్భాశయం ఎక్కువగా తోస్తుంది. వాళ్ళు పరీక్షకు వాడింది శుక్రకణాలను కూడా కాదు, వాటి సైజులో ఉండి కదలిక అంటూ లేని రేణువులను. అవి కూడా సరైన వైపుకే వెళ్ళాయి. ఎంపిక నీది కానే కాదు.

రంధ్రంలోకి దూరావు. పాతిక కోట్ల మందిలో ట్యూబు దాకా వచ్చింది కొన్ని వందల మంది, మహా అయితే వేలు. లోపల గోడ మెత్తగా, ముడతలు ముడతలుగా ఉంది. నీ తల దానికి అతుక్కుంది. తోక నెమ్మదించింది. గుండెదడ తగ్గింది, గుండె ఉంటే.

ఇక్కడ నువ్వు ఆగాలి. గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. అండం ఇంకా విడుదల కాలేదు. విడుదలయ్యాక దానికుండేది ఒక్కరోజు. నీకు అయిదు రోజుల దాకా ఓపిక ఉంటుంది. కాబట్టి గోడ పట్టుకుని ఉండు. ఈలోగా నిన్ను ఇంకోచోటికి తీసుకెళ్తాను.

ఇప్పుడు నువ్వు జర్మనీలో ఉన్నావు. ఊరు బోఖుమ్. రూర్ విశ్వవిద్యాలయం. 2003కి కొంచెం ముందు. నీ కింద గాజు, పైన మైక్రోస్కోపు. గోరువెచ్చటి ఉప్పునీటిలో నీలాంటివాళ్ళ మధ్య ఈదుతున్నావు. ఆమ్లం లేదు, తెల్లకణాలు లేవు. అండం కూడా లేదు. ఎటు వెళ్ళడానికీ కారణం లేక అందరూ తలా ఓ దిక్కుకి పోతున్నారు.

పైనుంచి సన్నటి గాజు గొట్టం దిగింది. దాని కొస నుంచి ఏదో నీళ్ళలోకి కారుతోంది.

నీ పక్కవాడు తిరిగాడు. నువ్వూ తిరిగావు. ఎందుకు తిరిగావో నీకు తెలీదు. తోక మొదట్లో ఎక్కడో చురుక్కుమంది, లోపలికి కాల్షియం దూసుకొచ్చింది, తోక విసురు మారింది. కాల్షియం తగిలితే వెలిగే రంగును నీకు ముందే పట్టించారు. మైక్రోస్కోపులోంచి చూసేవాళ్ళకి నువ్విప్పుడు మిణుక్కున వెలిగావు.

ఇంకొంచెం ఈదు. ఇందాకటికన్నా ఎక్కువగా ఉందా? ఉంది. అయితే ఇటే. తగ్గిందా? తిరుగు. వాసన ఈ పక్క ఎంత, ఆ పక్క ఎంత అని పోల్చి చూసేందుకు నీ ఒళ్ళు సరిపోదు. కదులుతూ, ఇప్పటిదాన్ని ఇందాకటితో పోల్చుకుంటూ పోవాలి. ఎవరింట్లో ఇంగువ పోపు పెడుతున్నారో సందు మొదట్లోంచి నడుచుకుంటూ కనిపెట్టినట్టు.

గాజు గొట్టం కొస దగ్గర ఇప్పుడు గుంపు. నువ్వూ అందులోకి చేరావు. వేగం పెరిగింది. గొట్టంలోంచి కారుతున్న పదార్థం పేరు బూర్జియోనాల్. సెంట్లు తయారు చేసేవాళ్ళు వాడే రసాయనం. మనుషులు వాసన చూస్తే లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పువ్వు గుర్తొస్తుంది. మన పూలదండల్లో గుచ్చే లిల్లీ వేరు. ఇది యూరప్ అడవుల్లో వసంతకాలంలో నేలబారుగా పూసే చిన్న తెల్లటి పువ్వు.

వాసన అంటే గాలిలో కదా, నీళ్ళలో ఏంటి అని నీకు అనిపించొచ్చు. మనిషి ముక్కులో కూడా వాసన తడిలో కరిగాకే అందుతుంది. ముక్కు పైభాగంలో తడి పొర ఉంటుంది, దాని అడుగున కణాలు, ఆ కణాల మీద వాసనల్ని పట్టుకునే ప్రొటీన్లు. ఈ రిసెప్టార్లు మనిషికి సుమారు నాలుగు వందల రకాలున్నాయి. ఒక్కో రకానికి ఒక్కో జన్యువు. ఇంత పెద్ద కుటుంబం ఉందని 1991లో బయటపెట్టింది లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్. ఆ పనికే 2004లో వాళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది.

వాళ్ళ పేపరు వచ్చిన మరుసటి ఏడే, 1992లో, బ్రసెల్స్‌లో మార్క్ పార్మెంటియే, జిల్బేర్ వాసార్ బృందం ఓ విచిత్రం చూసింది. ముక్కులో ఉండాల్సిన ఈ జన్యువుల్లో కొన్ని వృషణాల్లోనూ పనిచేస్తున్నాయి. శుక్రకణాలను తయారు చేసే కణాల్లో. ముక్కుతో అక్కడేం పని? 1993లో కుక్క శుక్రకణాల మీద ఆ ప్రొటీన్‌ని వెతికితే తల మీద కనిపించలేదు. తోక మొదట్లో కనిపించింది.

నవ్వొస్తుందన్నది దీని గురించే. వాసన వస్తే చుక్కాని దగ్గరే తెలియాలి. చుక్కాని తోక. ఆలోచిస్తే అదే సరైన చోటు.

బోఖుమ్‌లో మార్క్ ష్పేర్, హాన్స్ హాట్, వాళ్ళతో పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ జిమ్మర్ ఈ కథని ఒక అడుగు ముందుకు తీసుకెళ్ళారు. మనిషి వృషణాల నుంచి ఒక రిసెప్టార్‌ని పట్టుకున్నారు, పేరు హెచ్ఓఆర్ 17-4. అది ఏ వాసనకి స్పందిస్తుందో ఒక్కొక్కటే పరీక్షించి బూర్జియోనాల్ దగ్గర ఆగారు. ఇక మిగిలింది నువ్వు. గొట్టం దించారు. నువ్వు తిరిగావు.

అయితే వాళ్ళ పని ఇంకా అవలేదు. నీళ్ళలోకి ఇంకో వాసన వదులుతున్నారు. అండెకనాల్. నిమ్మజాతి పళ్ళ తొక్కల నూనెలో కొంచెం ఉండేది.

గొట్టం అక్కడే ఉంది. బూర్జియోనాల్ కారుతూనే ఉంది. కానీ నీకు ఏమీ తెలియడం లేదు. తోక మామూలుగా కొట్టుకుంటోంది. ఎటు పోవాలి? అటా? ఇటా? ఏదైనా ఒకటే. గుంపు చెదిరిపోయింది. అండెకనాల్ నీ రిసెప్టార్ దారికి అడ్డం పడిందని వాళ్ళు రాసుకున్నారు. 2003లో ఈ సంగతి సైన్స్ పత్రికలో వచ్చింది. శుక్రకణానికి ముక్కుంది, దానికి పూలవాసన ఇష్టం అని ప్రపంచమంతా చెప్పుకుంది. గర్భం రావాలంటే ఒక సెంటు, రాకుండా ఉండాలంటే ఇంకో సెంటు అని ఊహలు రెక్కలు కట్టుకున్నాయి.

బోఖుమ్‌ని దాటేముందు బ్రసెల్స్ గురించి ఇంకో మాట. అదే 1992లో, అదే ఊళ్ళో, ఇంకో విశ్వవిద్యాలయం వైద్యులు సన్నటి సూదిలోకి ఒకే ఒక్క శుక్రకణాన్ని పీల్చి నేరుగా అండంలోకి దించి పిల్లల్ని పుట్టించారు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డుల మీద కనిపించే ఇక్సీ అదే. ఒక విశ్వవిద్యాలయం నీకు ముక్కుందేమో అని చూస్తుంటే, ఇంకోటి నీకు ముక్కే కాదు, ఈత కూడా అక్కర్లేదని తేల్చేసింది.

ఇప్పుడు నిన్ను బాన్‌కి తీసుకెళ్ళాలి. బోఖుమ్ నుంచి రైల్లో రెండు గంటల లోపు. మళ్ళీ గాజు, మళ్ళీ గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. సీజర్ పరిశోధన సంస్థలో టీమో ష్ట్రూంకర్, బెంజమిన్ కౌప్, వాళ్ళ తోటివాళ్ళు నీ మీద కన్నేశారు. 2012.

మళ్ళీ అదే వాసన. మళ్ళీ కాల్షియం లోపలికి వచ్చింది. ఇంతవరకు తేడా లేదు. కానీ వీళ్ళు ఇంకోటి కొలుస్తున్నారు. ముక్కులో రిసెప్టార్‌కి వాసన అంటుకుంటే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు పదార్థం తయారవుతుంది, అది వెళ్ళి తలుపు తెరుస్తుంది, అప్పుడు కాల్షియం వస్తుంది. నీలో కాల్షియం వచ్చింది సరే. మరి కబురు?

కబురు రాలేదు. వాసన నేరుగా తలుపునే పట్టుకుని తోసింది.

ఆ తలుపు పేరు క్యాట్‌స్పర్. తోక మీద మాత్రమే ఉండే కాల్షియం ద్వారం. 2001లో దొరికింది. అది లేకుండా పుట్టించిన మగ ఎలుకలకి పిల్లలు పుట్టలేదు. మనుషుల్లోనూ ఆ జన్యువు చెడిపోయిన మగవాళ్ళకి సంతానం కలగని కుటుంబాలు ఉన్నాయి. బూర్జియోనాల్‌నే కాదు, మెంథాల్‌ని ముట్టించినా ఈ తలుపు తెరుచుకుంటుంది. చాలా పదార్థాలకి ఒకే తలుపు. ఎవరు తోసినా తెరుచుకుంటుంది, గట్టిగా తోస్తే.

అంటే బోఖుమ్‌లో నువ్వు తిరగడం అబద్ధమా? కాదు, తిరిగావు. ఎందుకు తిరిగావన్న దగ్గరే తగువు. నాకు బాన్ వాళ్ళ మాటే బరువుగా కనిపిస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. అండం దగ్గర నుంచి బూర్జియోనాల్ వస్తుందని ఇంతవరకు ఎవరూ చూపలేదు. ఆ పువ్వుని ఎంచుకుంది మనుషులు, అండం కాదు. అలాగని ముక్కు జన్యువులు నీలో పనిచేస్తున్నాయన్నది కొట్టిపారేసే మాట కాదు. అవి ఉన్నాయి. వాటి పని ఏమిటన్నదే బాకీ. మధ్యలో 2010లో స్వీడన్‌లో ఇంకో తమాషా జరిగింది. మామూలుగా వాసన పట్టడంలో ఆడవాళ్ళదే పైచేయి. బూర్జియోనాల్ విషయంలో మాత్రం, వాళ్ళు పసిగట్టలేనంత తక్కువ మోతాదుని మగవాళ్ళు పసిగట్టారు. దీన్ని ఎక్కడ అతికించాలో నాకు అర్థం కాదు, వదిలెయ్యబుద్ధీ కాదు.

సరే. తలుపు ఉంది. మరి అసలు ఇంట్లో దాన్ని తోసేది ఎవరు?

ట్యూబులో గోడకి అతుక్కుని ఉన్నావు గుర్తుందా? ఏదో జరుగుతోంది. నీ ఒంటిపొర మీది కొలెస్ట్రాల్ రాలిపోతోంది. పొర పలచబడింది. లోపలంతా చురుకు. 1951లో అమెరికాలో చాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టిన సంగతి ఇది: ఆడ ఒంట్లో కొంతసేపు గడపందే శుక్రకణం అండంలోకి వెళ్ళలేదు. అందరూ ఒకేసారి తయారు కారు. ఏ సమయంలో చూసినా పదిమందిలో ఒకడు. ఇవాళ నీ వంతు. వంతు ఒక్కసారే వస్తుంది. గంటా, రెండు గంటలా, మహా అయితే నాలుగు. తర్వాత నువ్వు దేనికీ పనికిరావు.

గోడ వదులు.

ఇప్పుడే.

తోక కొరడా అయింది. ఒక్క విసురుకి గోడ నుంచి ఊడొచ్చావు. ఎటు? ఎదురుగా నీటి ఒరవడి. ట్యూబులో ద్రవం పైనుంచి కిందికి, నీకు ఎదురుగా వస్తోంది. ఎదురీదు. ఒరవడి ఎటు నుంచి వస్తోందో అటే దారి. 2013లో బోస్టన్‌లో చూసిందీ ఇదే, ప్రవాహం తగిలితే మనిషి శుక్రకణాలు దానికి ఎదురు తిరుగుతాయి.

వెచ్చదనం కూడా ఉంది. కుందేళ్ళ ట్యూబులో కింది చోటుకీ పై చోటుకీ దాదాపు రెండు డిగ్రీల తేడా ఉంటుందని ఇజ్రాయెల్‌లో మైకేల్ ఐజెన్‌బాక్ బృందం కొలిచింది. ఆ వెచ్చటి వైపుకి శుక్రకణాలు తిరుగుతాయని కూడా చూపింది. ఒరవడి, వేడి. నీ దూరప్రయాణానికి దిక్సూచులు ఇవే. వాసన చివరి కొన్ని మిల్లీమీటర్లకే.

ఆ చివరి మిల్లీమీటర్లు వచ్చేశాయి.

తోకలో చురుక్కుమంది. గుర్తుపట్టావా? బోఖుమ్‌లో తగిలిందే. కాల్షియం. కానీ ఇది పువ్వు కాదు. ప్రొజెస్టరాన్. అండం ఒంటరిగా రాలేదు. వేల కణాలు దాని చుట్టూ గుంపు కట్టి జిగురు మేఘంగా వచ్చాయి. ప్రొజెస్టరాన్‌ని వదిలేది అవే. సెంటు అంత గాఢంగా అక్కర్లేదు, దానికన్నా ఎన్నో రెట్లు తక్కువ చాలు, తలుపు తెరుచుకుంటుంది. 2011లో బాన్‌లోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఒకే సమయంలో ఈ సంగతి తేలింది. తర్వాత 2016లో, ఆ ప్రొజెస్టరాన్‌ని నీ పొర మీద ముందు పట్టుకునే ప్రొటీన్ కూడా దొరికింది. అదీ ముక్కు రిసెప్టార్ల కుటుంబంలోది కాదు.

ఎక్కువగా ఉందా? ఉంది. ఇటే.

తగ్గింది. తిరుగు.

ఎక్కువ. ఇంకా ఎక్కువ.

ఇక్కడ నీకు చెప్పాల్సిన చేదు మాట ఒకటుంది. ఈ మేఘానికి నువ్వు నచ్చకపోవచ్చు. 2020లో మాంచెస్టర్ ఆసుపత్రిలో పిల్లల కోసం వచ్చిన జంటల నుంచి నమూనాలు తీసుకుని చూశారు. ఒక్కో ఆమె అండం చుట్టూ ఉండే ద్రవం ఒక్కో మగవాడి శుక్రకణాలనే ఎక్కువగా పిలిచింది. అది ఆమె భర్తవే కావాలన్న నియమమేం కనిపించలేదు. నువ్వు ఎవరివాడివైనా, ఇక్కడ ఎంపిక చేసేది నువ్వొక్కడివే కాదు.

మేఘంలోకి తల దూర్చు. జిగట. మునుపటి జిగట కన్నా చిక్కన. మామూలు ఈత చాలదు. తోకని పెద్దగా విసురు. ఎడమకి. కుడికి. ఎడమకి. నీ పక్కన ఇంకొకడు. వాడి వెనక ఇంకొకడు. మొత్తం ఎంతమంది మిగిలారు? పది? ఇరవై? లెక్కపెట్టకు.

నెత్తిన టోపీ ఉంది కదా. ఎప్పుడు విప్పాలి? మరీ ముందే విప్పితే ఎంజైములు వృథా. విప్పకుండా వెళ్తే గోడ ఒప్పుకోదు. కాల్షియం పెరుగుతోంది. టోపీ పగిలింది. అయిపోయింది. ఇక వెనక్కి లేదు.

గోడ. అండం పైపెంకు. నీ తలకి మూడింతల మందం.

తోయి.

తోయి.

పక్కవాడు సగం దాకా వెళ్ళాడు.

తోయి.

సందు. జారావు. గోడ వెనక్కి పోయింది. నీ తల పక్క ఆమె ఒంటిపొరని తాకింది. నీ మీద ఇజుమో అనే ప్రొటీన్, ఆమె మీద జూనో అనే ప్రొటీన్. జపాన్‌లో పెళ్ళిళ్ళ గుడి ఒకటుంది, రోమ్‌లో పెళ్ళిళ్ళ దేవత ఒకామె ఉంది, ఆ పేర్లే పెట్టారు. రెండూ అతుక్కున్నాయి. నీ పొర ఆమె పొరలో కలిసిపోయింది. తోక ఆగింది.

నీ తలలోంచి ఒక ఎంజైము ఆమె లోపలికి జారింది. దాంతో ఆమెలో కాల్షియం అల లేచింది. మళ్ళీ కాల్షియమే, ఈసారి ఆమెది. పొర కింద దాచిన సంచులు పగిలాయి. పెంకు గట్టిపడింది. అండం నుంచి జింకు చిమ్మింది. సగం దాకా వచ్చిన పక్కవాడు అక్కడే ఇరుక్కుపోయాడు. వాడి తోక ఇంకా కొట్టుకుంటోంది. వాడిలో కాల్షియం తలుపు ఇంకా తెరిచే ఉంది, ప్రొజెస్టరాన్ ఇంకా తగులుతోంది. దారి మాత్రం లేదు.

నీ మైటోకాండ్రియాలను ఆమె కణం చెత్త కింద లెక్కగట్టి విరిచేస్తుంది. క్యాట్‌స్పర్‌తోనూ తోకతోనూ ఇక్కడ పనిలేదు. తలలో బిగించి తెచ్చిన 23 క్రోమోజోముల మూట మాత్రం విప్పుకుంటోంది. వాటిలో 17వ దాని మీద, మిగతా ముక్కు జన్యువులు కొన్నింటి పక్కన, హెచ్ఓఆర్ 17-4 జన్యువు ఉంది. బోఖుమ్‌లో నిన్ను తిప్పిందని చెప్పుకున్నది అదే. ఈ కణం బిడ్డ అయితే, ఆ బిడ్డకి ముక్కు వస్తే, అక్కడ ఆ జన్యువు చేసే పని గురించి బోఖుమ్‌కీ బాన్‌కీ తగువేం లేదు. దానికి ఇంకా నెలలుంది. ముందు ఈ ఒక్క కణం రెండు కావాలి. అందుకు ఒక రోజుకి కాస్త పైన పడుతుంది.